ఎండిన వంకకు వంతెన ఎందుకు? - ఆరుబయట నమూనా రైలుమార్గ నిర్మాణం

పెద్ద లోకాన్ని చిన్నదిగా చేసి కళ్ళ ఎదుట నిలుపుకోవాలనే కోరిక మానవునికి సహజమైనది. కొన్ని సీమలలో సంక్రాంతికి, కొన్ని సీమలలో దసరాకు తెలుగు ఇళ్ళలో తీర్చే బొమ్మల కొలువు ఆ కోరిక ఫలమే. మెట్ల పక్కన ఇసుక పోసి, ఆవాలో మెంతులో చల్లి మొలకెత్తించి పచ్చిక బయలుగా చూపటం, అద్దపు ముక్కను పరచి చెరువుగా భావింపజేయటం మన గృహిణులకు తెలిసిన విద్య. మొహర్రం దినాలలో వెదురు బద్దలతోను, రంగు కాగితాలతోను తాబూతులు కట్టే పనివారు ఎక్కడో కర్బలాలో ఉన్న సమాధి మందిరాన్ని మన వీధిలో నిలబెడతారు. కొండపల్లి శిల్పి తెల్లపొణికి కర్రలో పల్లె బ్రతుకునంతటినీ చెక్కి చూపుతాడు. నమూనా రైలుమార్గం ఈ విద్యలకు వరుసకు తమ్ముడు. భేదమల్లా ఒక్కటే. ఇందులో బండి కదలవలెను; ఆరుబయట నిర్మించినప్పుడు ఎండ, వాన, దుమ్ము కూడ ఆ నిర్మాణంలో భాగస్వాములవుతాయి.

తెలుగు సాహిత్యం బోధించే వారికి ఈ విషయంలో ప్రవేశమెక్కడిదని పాఠకులు సందేహించవచ్చు. గత విద్యా సంవత్సరంలో వైజ్ఞానిక ప్రదర్శన కోసం కొందరు విద్యార్థులు కళాశాల ప్రాంగణంలో రైలుమార్గపు నమూనాను నిర్మింప తలపెట్టి, ఒక్కొక్క భాగం వద్ద తెలుగులోను, ఉర్దూలోను వివరణ ఫలకాలు వ్రాసి పెట్టమని మమ్ము కోరారు. ఫలకాలు వ్రాయటానికి వెళ్ళిన మేము నెల తిరగక ముందే గంప, పార పట్టవలసి వచ్చినది. ఆ పనిలో నేర్చుకొన్న విషయాలను, పొరబడిన విషయాలను కూడ దాచక, విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ వారి ముందు ఉంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇతర దేశాలలో, మన దేశంలో

ఇంగ్లండులోని బీకన్స్‌ఫీల్డ్ పట్టణంలో రోలండ్ కాలింగ్‌హామ్ అనే అకౌంటెంటు తన తోటలో ఇళ్ళు, చర్చి, చెరువు, రైలు గల ఒక చిన్న ఊరును నిర్మింపజేశాడు. బెకన్‌స్కాట్ అనే ఆ నమూనా గ్రామం 1929లో ప్రారంభమైనది. నేటికీ సందర్శకులు దానిని చూడటానికి పోతూనే ఉన్నారు. నెదర్లాండ్స్ దేశంలోని హేగ్ నగరంలో 1952లో ప్రారంభమైన మదురోడామ్ ఆ దేశంలోని భవనాలను, కాలువలను, రైళ్ళను 25వ వంతు పరిమాణంలో చూపుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీల నిర్బంధ శిబిరంలో మరణించిన జార్జ్ మదురో అనే విద్యార్థి స్మారకంగా ఆ నమూనా నగరానికి ఆ పేరు వచ్చినది. ఒక విద్యార్థి జ్ఞాపకార్థం ఒక దేశాన్నే సూక్ష్మరూపంలో నిర్మించారంటే, ఈ విద్యను కేవలం పిల్లల ఆటగా త్రోసిపుచ్చటం న్యాయం కాదని తెలుస్తున్నది.

మన దేశంలో ఢిల్లీలోని జాతీయ రైల్ మ్యూజియం 1977లో, పూణేలోని జోషీ గారి నమూనా రైల్వే మ్యూజియం 1998లో ప్రారంభమైనవి. పూణేలోని నమూనా పైకప్పు క్రింద, గదిలో ఉన్నది. ఆరుబయట నమూనాకు వేరే కొలతలు, వేరే పదార్థాలు, వేరే ఓర్పు కావలెను. అందుకు లోకంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది పట్టాల మధ్య 45 మిల్లీమీటర్ల ఎడం గల మార్గం. జర్మనీలోని న్యూరెంబర్గుకు చెందిన లేమన్ సంస్థ 1968లో ఈ కొలతపై తోట రైళ్ళను తయారుచేసి ప్రచారంలోకి తెచ్చినది. వారు ఎంచుకొన్న నిష్పత్తి 1:22.5. అనగా అసలు వస్తువులో 22.5వ వంతు. 45ను 22.5 చేత గుణిస్తే 1012.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక మీటరు వస్తుంది. ఇది మీటరు గేజి! ఎక్కడో జర్మనీలో తోటల కోసం నిర్ణయించిన కొలత మన నల్లమల అడవిలో ఒక శతాబ్దం పాటు నడిచిన బండికి అతికినట్లు సరిపోతుంది.

మన దారి ఏది?

కర్నూలు, కడప సీమలకు రైలు వచ్చిన తీరు రెండు విధాలు. మద్రాసు నుండి రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లుల మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దిక్కు నుండి వచ్చిన మార్గంతో కలిసిన దారి మొదటి నుండీ బ్రాడ్ గేజి. గుంతకల్లు నుండి ద్రోణాచలం, నంద్యాలల మీదుగా నల్లమలను దాటి గుంటూరు వైపు పోయిన దారి మీటరు గేజి. 19వ శతాబ్ది చివరి భాగంలో వేసిన ఈ దారిలో గాజులపల్లె, దిగువమెట్ట స్టేషన్ల నడుమ కొండలను తొలిచి, లోయలను దాటి పోవలసి వచ్చినది. ఆ లోయలలో ఒకదానిపై కట్టినదే దొరబావి వంతెన. 1990 దశకంలో ఈ మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు దారిని మళ్ళించటంతో దొరబావి వంతెన మీదుగా బండి పోవటం ఆగిపోయినది. నేటి విద్యార్థులు పుట్టక ముందే ఆ బండి కూత నిలిచిపోయినది. తాతలు చెబితే వినటమే తప్ప వారు దానిని చూచి ఎరుగరు.

కావున మేము నమూనా కోసం ఎన్నుకొన్నది ఈ దారినే: ఒక చిన్న స్టేషను, నల్లరేగడి చేల నడుమ ఒక కట్ట, ఒక లెవెల్ క్రాసింగు, ఒక కాలువ, కొండలో ఒక సొరంగం, లోయపై ఒక ఎత్తైన వంతెన.

కొలతల లెక్క

నమూనా నిర్మాణానికి తొలి మెట్టు లెక్క. 165 సెంటీమీటర్ల మనిషి 22.5వ వంతులో 7.3 సెంటీమీటర్లు ఉండవలెను. 9 మీటర్ల చింతచెట్టు 40 సెంటీమీటర్లు. 18 మీటర్ల వంతెన స్తంభం 80 సెంటీమీటర్లు. ఇంతవరకు చిక్కు లేదు. కాని కిలోమీటరు దారి 44 మీటర్లవుతుంది. 300 మీటర్ల కొండ 13 మీటర్లవుతుంది. మూడంతస్తుల భవనం కంటె ఎత్తైన కొండను ఏ కళాశాల ప్రాంగణంలో నిలుపగలము? అందుచేత నమూనాకారుడు కొన్నింటిని యథాతథంగా ఉంచి, కొన్నింటిని కుదించవలసి ఉంటుంది. మనిషి, తలుపు, బండి, మెట్టు ఇవి మన కంటికి నిత్యపరిచితాలు కావున వీటి కొలత తప్పరాదు. కొండ ఎత్తును, ఊరికీ ఊరికీ మధ్య దూరాన్ని తగ్గించినా కన్ను క్షమిస్తుంది. కావ్యంలో కవి పన్నెండేండ్ల వనవాసాన్ని ఒక పద్యంలో దాటించి, ఒక్క క్షణాన్ని పది పద్యాలలో వర్ణించటం వంటిదే ఇది.

వేగానికి కూడ లెక్క ఉన్నది. ఘాటులో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. నమూనాలో అది సెకనుకు 44 సెంటీమీటర్లు మాత్రమే కదలవలెను. పిల్లలు సాధారణంగా దీనికి రెండు మూడింతల వేగంతో నడిపిస్తారు. అప్పుడు ఎంత చక్కని దృశ్యం నిర్మించినా అది బొమ్మలాటగా కనిపిస్తుంది. మెల్లగా నడిపితేనే బండికి బరువు వచ్చినట్లు తోస్తుంది.

మా మార్గం పొడవు 10 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు గల కోడిగ్రుడ్డు ఆకారం. మలుపుల వ్యాసార్ధం మీటరున్నర. మొత్తం దారి సుమారు 24 మీటర్లు. ఎక్కుడు భాగంలో 50 సెంటీమీటర్ల దూరానికి ఒక సెంటీమీటరుకు మించి ఎత్తు పెంచలేదు. అంతకు మించితే బరువైన పెట్టెలతో ఇంజను ఎక్కటానికి తడబడుతుంది.

పునాది, పట్టాలు

కర్నూలు, నంద్యాల ప్రాంతాలలో నల్లరేగడి నేల ఎక్కువ. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగిసి నెర్రెలు విచ్చుతుంది. దానిపై నేరుగా పట్టాలు పరిస్తే ఒక్క సంవత్సరంలో దారి అంతా ఎగుడుదిగుడవుతుంది. కాబట్టి ముందుగా ఒక అడుగు లోతు కాలువ త్రవ్వి, నల్లమట్టిని తీసివేసి, గరుసు పోసి, నీరు చల్లి దిమ్మిస కొట్టవలెను. దానిపై నాపరాతి బండలను పరచి మట్టం చూచుకోవలెను. ఆ పైన సన్న కంకర. ఈ కంకర అందం కోసం కాదు. అది దిమ్మలను కదలకుండ పట్టి ఉంచుతుంది, పడిన నీటిని నిలువనీయక క్రిందికి దించుతుంది. అసలు దారిలోనూ కంకర పని అదే.

పట్టాలకు ఇత్తడి శ్రేష్ఠం. కాని ఖర్చు ఎక్కువ. మేము అల్యూమినియం పట్టీలను నిలువుగా నిలిపి, గట్టి కర్ర దిమ్మలలో గాడి కోసి బిగించాము. ఇక్కడ మా మొదటి పొరపాటు జరిగినది. కీలు వద్ద ఎడం లేకుండ ఉంటే బండి కుదుపు లేక పోతుందని భావించి, 24 మీటర్ల పట్టీలను ఒకదానికొకటి తాకించి గట్టిగా బిగించాము. ఫిబ్రవరిలో వేసిన దారి ఏప్రిల్ రెండవ వారం మధ్యాహ్నానికి పాము వలె వంకరలు తిరిగినది. దిమ్మలు కంకరలో నుండి పైకి లేచినవి.

కారణం లెక్కకు అందనిది కాదు. ఒక మీటరు అల్యూమినియం ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడికి 0.023 మిల్లీమీటరు పెరుగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్న పట్టీకీ, మధ్యాహ్నపు ఎండలో చేయి పెట్టలేనంతగా కాలిన పట్టీకీ 40 డిగ్రీల తేడా ఉన్నదనుకొంటే, 24 మీటర్లకు 22 మిల్లీమీటర్ల పెరుగుదల వస్తుంది. ఆ రెండు సెంటీమీటర్లకు పోవటానికి చోటు లేదు కాబట్టి పట్టీ పక్కకు వంగినది. ఇత్తడి అయితే ఈ పెరుగుదల 18 మిల్లీమీటర్లు, ఇనుము అయితే 11 లేక 12 మిల్లీమీటర్లు. పట్టీలను రెండేసి మీటర్ల ముక్కలుగా చేసి, చల్లని వేళ అమర్చి, ముక్కకూ ముక్కకూ నడుమ రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంచగానే దారి నిలకడ పొందినది. పాత కాలపు రైలులో మనము విన్న "టకటక" శబ్దం ఈ ఎడాల మీద చక్రం దాటిన శబ్దమే. నేడు పొడవుగా అతుకు వేసిన పట్టాలలో ఆ శబ్దం లేదు. అయితే వాటిని లెక్క కట్టిన ఉష్ణోగ్రత వద్ద బిగించి, పెరుగుదలను దిమ్మలు, కంకర అదిమి ఉంచేటట్లు చేస్తారు.

కొండలు, చెట్లు

ఈ విద్యను గురించిన విదేశీ గ్రంథాలు నాచును, మరుగుజ్జు దేవదారు మొక్కలను, పచ్చని మెట్టలను వర్ణిస్తాయి. వాటిని ఇక్కడ అనుకరించబోతే చైత్రం దాటకుండ అన్నీ మాడిపోతాయి. మన కొండ మన కొండ వలెనే ఉండవలెను: ఎర్రని రాతి పొరలు, వాటి పగుళ్ళలో పొదలు, పాదంలో రాలిన రాళ్ళ గుట్టలు.

మేము మొదట సిమెంటుతో కొండను పోసి రంగు పూయాలనుకొన్నాము. బేతంచెర్ల ప్రాంతం నుండి వచ్చి చదువుతున్న ఒక విద్యార్థి, "కొండను చేసేదెందుకు సార్, తెచ్చుకుందాం" అన్నాడు. అతని ఇంటివారు బండల పాలిష్ పనిలో ఉన్నవారు. కోసిన బండల అంచుల నుండి పారవేసే ముక్కలను అతడు తెప్పించాడు. నాపరాయి పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కావున దానిని ఉలితో అంచున తట్టితే పలకలుగా విడిపోతుంది. ఆ పలకలను వెనుకకు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి పేర్చితే నిజమైన కొండచరియ వలె కనిపిస్తుంది. పొర అడ్డంగా ఉండవలెనా, వాలుగా ఉండవలెనా అనేది కొండ అంతటా ఒకే తీరుగా ఉండవలెనని, ఒక్క రాయి ఎదురు తిరిగినా కన్ను పట్టుకొంటుందని అతడే మాకు బోధించాడు. వంతెన స్తంభాలను కూడ అదే రాతి ముక్కలతో, క్రింద వెడల్పుగా, పైకి పోను పోను సన్నగా కట్టించాడు. రెండేండ్లుగా మా తరగతిలో వెనుక బల్లపై మౌనంగా కూర్చున్న విద్యార్థి ఇతడేనా అని మేము ఆశ్చర్యపడ్డాము.

సొరంగం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బండి మధ్యలో ఆగినా, పట్టాలు తప్పినా చేయి పెట్టి తీయటానికి వీలుండవలెను. కావున సొరంగాన్ని చేయి చాచినంత దూరానికి మించనీయక, పైన ఒక బండను కదిలించటానికి అనువుగా ఉంచటం మంచిది. లోపల తేళ్ళు, పాములు చేరే అవకాశం ఉన్నందున చూడకుండ చేయి పెట్టరాదు.

చెట్ల కోసం చిన్న ఆకులు గల మొక్కలను ఎన్నుకోవలెను. ఆకు పెద్దదైతే చెట్టు కొలత తప్పుతుంది. వెంపలి మొక్క జానెడు ఎత్తున చిన్న చెట్టు వలె నిలుస్తుంది. నీరు తక్కువైనా బ్రతుకుతుంది. గోడ పగుళ్ళలో మొలిచిన రావి, మర్రి మొక్కలను చిన్న కుండీలో ఉంచి, కొమ్మలు కత్తిరిస్తూ పెంచితే స్టేషను ముందరి పెద్ద చెట్టుగా పనికివస్తాయి. గింజ రాల్చిన జొన్న కంకిని రంగులో ముంచి ఆరబెట్టితే ఒక ఋతువు వరకు పొదగా నిలుస్తుంది. కొండపల్లి కర్ర బొమ్మలు అందమైనవే అయినా ఆ మెత్తని కర్ర తడికి ఆగదు; వాటిని ప్రదర్శన దినాలలో మాత్రమే పెట్టి, తరువాత లోపల భద్రపరచవలెను.

కదిలే భాగాలు

గదిలోని నమూనా రైళ్ళకు పట్టాల ద్వారా విద్యుత్తును పంపుతారు. మన దుమ్ములో అది కుదరదు. పట్టాపై సన్నని దుమ్ము పొర, లోహపు త్రుప్పు చేరి చక్రానికి విద్యుత్తు అందదు. అందువలన ఇంజను వెనుక పెట్టెలో బ్యాటరీని ఉంచి దాని బలంతోనే నడపటం మేలు. ఎండలో కాగిన బ్యాటరీని వెంటనే చార్జింగుకు పెట్టరాదు, నీడలో చల్లారనీయవలెను. మా ఇంజను పై తొడుగును పాత బస్తీలో రేకు పని చేసే ఒక ఉస్తాదు ఛాయాచిత్రం చూచి నూనె డబ్బాల రేకుతో చేసి ఇచ్చాడు. మీటరు గేజిపై నడిచిన వై.జి. తరగతి ఆవిరి ఇంజను పోలిక అందులో చక్కగా వచ్చినది. పెట్టెలు తేలికగా ఉంటే గాలికి పడిపోతాయి. అందుకు సరుకు పెట్టెల అడుగున మంగంపేట ముగ్గురాయి ముక్కలను వేశాము. ఈ ఖనిజం నీటికంటె నాలుగున్నర రెట్లు బరువైనది; కొద్ది చోటులోనే పెట్టెకు స్థిరత్వాన్ని ఇస్తుంది.

చేయి వాలే పాతకాలపు సిగ్నలు స్తంభాన్ని సైకిలు చువ్వతో, బ్రేకు తీగతో చేయవచ్చును. తీగను సన్నని గొట్టంలో నేల క్రిందుగా స్టేషను వరకు తెచ్చి మీట లాగితే చేయి వాలుతుంది. అసలు స్టేషనులలో కూడ తీగ లాగియే సిగ్నలు దించేవారు. లెవెల్ క్రాసింగు గేటు తనంతట తాను పడటానికి ఇంజను అడుగున ఒక అయస్కాంతాన్ని, పట్టాల నడుమ అయస్కాంతానికి పనిచేసే చిన్న స్విచ్చిని అమర్చవలెను. స్టేషను దీపాలకు 12 వోల్టుల బ్యాటరీ, ఒక్కొక్క ఎల్.ఇ.డి.కి వెయ్యి ఓముల నిరోధకం చాలును.

నంద్యాల సీమ మీదుగా పోయే కర్నూలు-కడప కాలువ లేక ఈ దృశ్యం పూర్తి కాదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వారు తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి త్రవ్వించిన ఆ కాలువను 1882లో ప్రభుత్వం తీసుకొన్నది. నమూనాలో అడుగు తొట్టి నుండి చిన్న పంపు నీటిని పైకి తోడగా, కాలువలో పారి, తూము ద్వారా తిరిగి తొట్టిలో చేరుతుంది. బజారులో సులభంగా దొరికే కూలరు పంపు 230 వోల్టులపై పనిచేస్తుంది. తడి నేలపై విద్యార్థులు తిరిగే చోట దానిని వాడటం ప్రాణాపాయం. 12 వోల్టుల పంపును మాత్రమే వాడవలెను. మేము దానిని ఒక చిన్న సౌర ఫలకంతో నడుపుతున్నాము. ఓర్వకల్లు సమీపాన వేయి మెగావాట్ల సౌర విద్యుత్తును ఉత్పత్తి చేసే ఎండ, ఈ చేతి వెడల్పు కాలువను పారించే ఎండ ఒక్కటే. నమూనాలో అన్నీ చిన్నవి చేయగలము గాని ఎండను చిన్నది చేయలేము.

వాన నేర్పిన పాఠం

ఎండ సంగతి అట్లుండగా వాన సంగతి మాకు ఆలస్యంగా తెలిసినది. రేగడి చేల నడుమ కట్టపై దారి పోయే చోట, దృశ్యం కోసం ఒక ఎండిన వంకను చూపాము. వంక కట్ట దాకా వచ్చి ఆగినది. కట్ట క్రింద నీరు పోవటానికి దారి ఉంచలేదు. ఎండిన వంకకు వంతెన ఎందుకు, అనవసరపు శ్రమ అని మేమే అన్నాము. మే నెలాఖరున ఒక సాయంత్రం గాలివాన గంటసేపు కురిసినది. మరునాడు ఉదయం చూడగా కట్ట మధ్యలో తెగి, పట్టాలు గాలిలో వ్రేలాడుతున్నవి. కంకర, దిమ్మలు నాలుగు గజాల దూరాన మట్టిలో పూడి ఉన్నవి.

ఇందులోని లెక్క గమనింపదగినది. కొండను, చెట్టును 22.5వ వంతుకు తగ్గించాము. కాని వాన తగ్గలేదు. మూడు సెంటీమీటర్ల వాన నమూనా లోకానికి 67 సెంటీమీటర్ల వాన అవుతుంది. కర్నూలు సీమలో ఏడాది పొడవునా కురిసే వాన దాదాపు ఇంతే! సంవత్సరపు వాన అంతా ఒక్క గంటలో మా చిన్న ఊరిపై పడినట్లయినది.

అయితే ఇది నమూనా లోకానికి మాత్రమే పరిమితమైన విపత్తు కాదు. ఏడాదిలో ఎక్కువ దినాలు ఎండి ఉండే వంకలే మన సీమలో రైలుకు పెద్ద పరీక్ష. 1902 సెప్టెంబరులో కడప జిల్లా మంగపట్నం వద్ద వరదకు వంతెన దెబ్బతినగా మెయిలు బండి వాగులో కూలి, అనేకమంది ప్రయాణికులు మరణించారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలు పట్టణాన్ని ముంచిన దినం మా తరం వారికి మరపు రానిది. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు, రాజంపేటల నడుమ రైలు కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు వ్రేలాడినవి. కరువు సీమ అని పేరు పడిన చోట నీరు లేకపోవటం ఎంత నిజమో, ఒక్కుమ్మడిగా రావటం కూడ అంతే నిజం.

తెగిన కట్ట వద్ద నిలిచి మేము విచారిస్తుండగా, అంతవరకు కంకర మోయటం తప్ప నోరు విప్పని ఒక విద్యార్థి ముందుకు వచ్చాడు. "వంక ఎండిపోయిందని రైలోళ్ళు ఎప్పుడూ అనుకోరు సార్. వాన పడిన రాత్రి మా నాయన టార్చి తీసుకొని ఆ ఎండిన వంకల దగ్గరికే పోతాడు" అన్నాడు. అతని తండ్రి గ్యాంగ్‌మన్. వానాకాలంలో రాత్రివేళ దారి వెంట నడిచి, మోరీల వద్ద, వంతెనల వద్ద నీటి ఎత్తును, కట్ట స్థితిని పరీక్షించటం, అపాయమున్నచో బండిని ఆపటం ఆ గస్తీ వారి పని. పట్టాల నడుమ ఎడం ఉంచవలెనన్నది కూడ తనకు మొదటనే తెలుసునని, అధ్యాపకుల ముందు చెప్పటానికి సంకోచించానని అతడు తరువాత మాతో అన్నాడు. అతని ప్రవేశ దరఖాస్తులో తండ్రి వృత్తి ఎదుట "రైల్వే ఉద్యోగి" అని మాత్రమే వ్రాసి ఉన్నది.

ఆ మాట మమ్ము చాలకాలం బాధించినది. బండరాయి పొరను చదువగల విద్యార్థి వెనుక బల్లపై కూర్చున్నాడు. రైలు దారి గుట్టు తెలిసినవాడు తండ్రి వృత్తి పేరు చెప్పటానికి జంకాడు. రేకుతో ఇంజను చేయగల ఉస్తాదు కళాశాల గేటు లోపలికి ఆనాడే మొదటిసారి వచ్చానన్నాడు. వీరి విద్యకు మన పాఠ్యప్రణాళికలో చోటు లేకపోవటం ఒక లోపమైతే, ఆ విద్యను దాచుకోవలసినదిగా విద్యార్థికి తోపించటం అంతకంటె పెద్ద లోపం. రెండవ లోపంలో అధ్యాపకులమైన మా వంతు కూడ ఉన్నదని ఒప్పుకొంటున్నాము.

కట్టను తిరిగి కట్టినప్పుడు ఆ విద్యార్థియే పెద్దగా నిలిచాడు. వంక అడుగున బండలు పరచి, కట్ట క్రింద మూడు కండ్ల మోరీని పెట్టించాడు. ఒక కన్ను పూడినా తక్కిన రెండు పనిచేయవలెనన్నాడు. నీరు దూకే చోట నేల కోసుకొనిపోకుండ రాళ్ళు పరపించాడు. ప్రాంగణం నీరంతా ఒకే వైపు రాకుండ పై భాగంలో ఒక మళ్ళింపు కాలువ తీయించాడు. ఆ తరువాత వచ్చిన ఆగస్టు, సెప్టెంబరు వానలకు కట్ట చెక్కు చెదరలేదు.

విన్నపం

ఆరుబయట నమూనాలో ప్రతి భాగమూ అలంకారం కాదు, పని. కంకర పనిచేయవలెను, కీలు ఎడం పనిచేయవలెను, కొండ తన బరువును తాను మోయవలెను, ఎండిన వంక కూడ ఒక రాత్రి కోసం సిద్ధంగా ఉండవలెను. పైకి మాత్రమే చూచి కట్టినదానిని మన ఎండ, మన వాన ఒక్క ఋతువులో పరీక్షించి తీర్పు చెబుతాయి. ఈ పరీక్షకు తోడ్పడే ప్రశ్నపత్రం ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం రెండు మాటలు. ఈ నమూనాకు ప్రదర్శన ముగిసిన తరువాత కూడ ఆ 30 చదరపు మీటర్ల స్థలాన్ని ఉంచవలెను. ఏటా ఒకటి రెండు దినాలు రాతి పనివారిని, రేకు పనివారిని, రైలు దారి పనివారిని గౌరవంతో పిలిపించి, విద్యార్థులకు వారిచేత పాఠం చెప్పించవలెను. ఖర్చు స్వల్పం, పారవేసిన బండలు, పాత సైకిలు తీగలు, రేకు ముక్కలే ఇందులో ప్రధాన సామగ్రి.

విద్యార్థులకు ఒక మాట. మీ ఇంట వారి చేతిలో ఏ విద్య ఉన్నదో దానిని తరగతి గదికి తీసుకొని రండి. దానిని వినటానికి మేము సిద్ధంగా ఉన్నాము.

ఈసారి ప్రాంగణానికి వచ్చినప్పుడు మూడు కండ్ల మోరీ పక్కన, కట్టపై నిలిచిన ఒక చిన్న బొమ్మను గమనించండి. ఎత్తు 7.3 సెంటీమీటర్లు, చేతిలో గోధుమ గింజంత దీపం. సాయంత్రం చీకటి పడగానే అది వెలుగుతుంది. దాని పక్కన ఫలకంపై ఏమి వ్రాయవలెనని మేము అడుగగా, ఆ విద్యార్థి తండ్రి వృత్తినే పూర్తిగా వ్రాయమన్నాడు. తెలుగులోను, ఉర్దూలోను అట్లే వ్రాశాము.